నొప్పి లేని గడ్డ

నా ఎడమ రొమ్ములో, పైన చంక వైపు తగిలింది. నానిన శనగగింజంత. గట్టిగా ఉంది, వేలితో తోస్తే కదల్లేదు, నొప్పి లేదు. "పాలగడ్డేటో వదినా, అదే తగ్గిపోద్దిలే" అన్నారు ఇంట్లో. చిన్నోడు పాలు మానేసి పదేళ్లు దాటిందని ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. రెండు నెలలు ఊరుకున్నాను. రొమ్ము క్యాన్సర్ మొదట్లో చాలామందికి నొప్పే పెట్టదు. గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు, కానీ ఏది అవునో ఏది కాదో చెయ్యి చెప్పలేదు.

నెలనెలా రొమ్ముల్ని మనమే చూసుకోవాలి, నెలసరి మొదలైన ఏడో రోజు నుంచి పదో రోజు లోపు. అంతకుముందైతే రొమ్ము బిగిసి, అంతా గడ్డల్లానే తగులుతుంది. నెలసరి ఆగిపోయినవాళ్లు నెలకో తేదీ పెట్టుకుంటే చాలు. ముందు అద్దం ముందు నిలబడి చేతులు కిందికి వదిలి, తర్వాత పైకెత్తి, చివర్న నడుం మీద గట్టిగా నొక్కి చూడాలి. అలా నొక్కితే ఛాతీ కండ బిగుసుకుని, లోపల అతుక్కున్నది చర్మాన్ని లాగుతుంది. నా సొట్ట అప్పుడే బయటపడింది. బత్తాయి తొక్కలా చర్మం, కొత్తగా లోపలికి పోయిన చనుమొన, దాన్నుంచి రక్తం కనబడితే ఆగకూడదు. మన వైజాగ్ ఉక్కకి రొమ్ము కింది మడతలో చెమటకాయలు మామూలే, నాలుగు రోజుల్లో పోతాయి. చనుమొన మీద పొట్టు రాలుతూ రెండు వారాలైనా మానని పుండు వేరు.

తర్వాత పడుకుని, భుజం కింద మడత పెట్టిన తువ్వాలు, ఆ చెయ్యి తల కింద. మూడు వేళ్ల మెత్తటి భాగంతో రూపాయి బిళ్లంత సున్నాలు చుట్టాలి. ఒక్కోచోట మూడుసార్లు: తేలిగ్గా, మధ్యస్థంగా, పక్కటెముక తగిలేలా. చంక నుంచి ఛాతీ మధ్య ఎముక దాకా పైకీ కిందికీ గీతలు గీసినట్టు, వేళ్లు ఎత్తకుండా. పిసికితే మాత్రం అంతా గడ్డే అనిపిస్తుంది. చాలామంది చంక వదిలేస్తారు. స్నానంలో సబ్బు చేత్తో చూస్తే అక్కడ బాగా తెలుస్తుంది.

మామోగ్రామ్ (రొమ్ముకి తీసే ఎక్స్‌రే), అల్ట్రాసౌండ్ చేసి, ఆపైన సూదితో చిన్న ముక్క తీశారు. క్యాన్సరే అని తేలింది. సూది గుచ్చితే పాకిపోతుందన్నది ఉత్త భయం. వైజాగ్‌లో పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ ఉంది, అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది, దగ్గరున్న దానికి వెళ్లండి.

నాకు గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇచ్చారు. హార్మోన్‌తో పెరిగే రకం కాబట్టి రోజూ ఆ హార్మోన్‌ని అడ్డుకునే మాత్ర, టామాక్సిఫెన్ 20 మిల్లీగ్రాములు. భుజం పట్టేయకుండా గోడ మీద వేళ్లు పాకిస్తూ రోజుకింత పైకి వెళ్లాను. కుట్టు కింద ఇప్పుడు తాడులా గట్టిగా ఉంటుంది. ఆ తాడు పొడవు, మందం నా వేళ్లకి తెలుసు. దాని పక్కన కొత్తగా ఏదైనా తగులుతుందేమోనని నెలనెలా చూసుకుంటున్నాను.