బ్రూనోకి పనికొచ్చింది చిట్టికి పనికిరాలేదు

మా బ్రూనో లాబ్రడార్. వాడికి ట్రైనింగ్ ఇచ్చానని చెప్పుకోవడానికి నాకే కొంచెం సిగ్గు, ఎందుకంటే బిస్కెట్ ముక్క ముక్కు మీదుగా పైకెత్తితే చాలు, తల పైకి లేచేది, నడుము కిందికి దిగేది, 'సిట్' అయిపోయేది. లాబ్రడార్లలో దాదాపు నాలుగింట ఒకదానికి పీఓఎంసీ అనే జన్యువులో చిన్న ముక్క ఎగిరిపోయి ఉంటుందని, వాటి తిండి యావకీ దానికీ సంబంధం ఉందని కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2016లోనే చెప్పారు. నేను మాత్రం అదంతా నా ప్రతిభే అనుకుని అపార్ట్‌మెంట్‌లో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ సలహాలిచ్చాను.

తర్వాత చిట్టి వచ్చింది. మా సెల్లార్‌లో కార్ల కింద పెరిగిన వీధికుక్క, ఏడెనిమిది నెలలుంటాయి. అదే బిస్కెట్, అదే 'సిట్'. నేను వంగి చెయ్యి చాపగానే చెవులు వెనక్కేసి, తోక కాళ్ళ మధ్య పెట్టుకుని సోఫా వెనక్కి దూరింది. బిస్కెట్ నచ్చలేదేమోనని చికెన్ లివర్ ఉడకబెట్టాను. ఆ వాసనకి బ్రూనో వంటింట్లో గంతులేస్తున్నాడు, ఇది మొహం తిప్పుకుంది. క్లిక్కర్ (కుక్క చెప్పింది చెయ్యగానే 'టక్' అని నొక్కే చిన్న డబ్బా) తెప్పించాను. ఒక్కసారి టక్‌మంది, అంతే, బాత్రూమ్‌లో దూరి సాయంత్రం దాకా బయటికి రాలేదు.

ఇక నా వల్ల కాదని ఒక ట్రైనర్‌ని పిలిచాను. "మొండిది సార్, మీ మీద పెత్తనం చేస్తోంది, ఆల్ఫా, అంటే గుంపుకి నాయకుడు, ఎవరో చూపించాలి" అని చోక్ చైన్ (గుంజితే మెడకి బిగుసుకునే గొలుసు) వేసి రెండుసార్లు గట్టిగా గుంజాడు. చిట్టి నిలబడ్డ చోటే ఉచ్చ పోసేసింది. నేను పక్కనే చూస్తూ నిలబడ్డాను, ఆపడానికి రెండో గుంజు దాకా నోరు రాలేదు. ఫీజు ఇచ్చి పంపేశాను. ఆ ఆల్ఫా మాటకి ప్రచారం తెచ్చినవాళ్ళలో ఒకరైన డేవిడ్ మీచ్ అనే తోడేళ్ళ శాస్త్రవేత్తే, అడవిలో గుంపంటే మామూలుగా అమ్మా నాన్నా పిల్లలే అని 1999లో రాశారని తర్వాత చదివాను. మా ఆవిడ అంత దూరం వెళ్ళలేదు. "పెత్తనం కాదండీ, భయం. అసలు మీరు దాన్ని ఎప్పుడైనా చూశారా?" అంది.

చూడలేదు. ఆ వారం ఏమీ నేర్పకుండా ఊరికే చూశాను. నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది, ఎదురుగా తిండి లేకపోయినా పెదాలు నాక్కుంటుంది, అదంతా టెన్షన్. నేను నిలబడితే దూరం జరుగుతుంది, పక్కకి తిరిగి నేల మీద కూర్చుంటే రెండడుగులు ముందుకొస్తుంది. సరే, అలాగే కూర్చుని, దానివైపు చూడకుండా లివర్ ముక్క దాని వెనక్కి విసిరాను. వెళ్ళి తిని, తనే తిరిగొచ్చింది. క్లిక్కర్ బదులు మెల్లగా 'ఆఁ' అనడం మొదలుపెట్టాను. కూర్చోమని అడగలేదు, తనంతట తను కూర్చున్నప్పుడు 'ఆఁ', ఒక ముక్క. నాలుగో రోజు నా ఎదురుగా వచ్చి కావాలనే కూర్చుని నా మొహంలోకి చూసింది. మా ఆవిడని కేకేయబోయి నోరు మూసుకున్నాను.

అసలు చిక్కు లిఫ్ట్. మాది నాలుగో అంతస్తు. దానికి కాలర్ తీసేసి హార్నెస్ (మెడకి కాకుండా ఛాతీకి వేసే పట్టీ) వేశాను, తాడు వదులుగా పట్టుకుని పదడుగుల దూరంలో ఆగేవాణ్ణి. లిఫ్ట్ వైపు ఒకసారి చూసి, మెడ కాస్త వదులు చేస్తే 'ఆఁ' అని వెనక్కి తిరిగి ఇంటికి నడిచేవాళ్ళం. దాని కూలి అదే, దూరం. బ్రూనోని అలా సగం దారిలో వెనక్కి తిప్పితే వాడికది శిక్ష. అన్నట్టు, వాడికీ అన్నిచోట్లా తిండి పనిచెయ్యలేదు. మనుషులు కనిపిస్తే తాడు తెంపేలా లాగేవాడు, అప్పుడు చేతిలో చికెన్ ఉన్నా లెక్కే లేదు. వాడికి కావలసింది పలకరింపు, కాబట్టి లాగితే ఆగిపోతాం, తాడు వదులైతేనే పలకరింపు. అది కుదరడానికి నెల పట్టింది.

చిట్టికి ఆరు వారాలు. మొదట ముందుకాళ్ళు రెండే లోపల పెట్టి వచ్చేసేది, నేనూ ఏమీ అనేవాణ్ణి కాదు. ఇప్పుడు బ్రూనో వెనకే ఎక్కి మూలన నిలబడుతుంది. రెండో అంతస్తులో ఒక పెద్దావిడ గజ్జెల పట్టీలు వేసుకుని అప్పుడప్పుడు ఎక్కుతుంటారు, ఆ చప్పుడికి చిట్టి బెదురుతుంది, ఆ రోజు మాత్రం మేం దిగిపోయి మెట్లమీదే వెళ్తాం. ఆవిడ ఎక్కినప్పుడల్లా సారీ చెప్తుంటారు పాపం.