దైవం చైవాత్ర పంచమమ్: గెలుపులో అదృష్టం వాటా ఎంత?

మన పిల్లవాడికి ఉద్యోగం వస్తే "వాడు పడ్డ కష్టం అలాంటిది" అంటాం. తెలిసినవాళ్ల అబ్బాయికి వస్తే "పెట్టి పుట్టాడు" అంటాం. మనవాడికి రాకపోతే టైమ్ బాగోలేదు, వాళ్లవాడికి రాకపోతే సరిగ్గా చదివి ఉండడు. కష్టమూ అదృష్టమూ రెండూ ఉన్నాయని అందరం ఒప్పుకుంటాం. చిక్కంతా ఏది ఎవరి ఖాతాలో రాయాలన్న దగ్గరే వస్తుంది. ఈ విషయం మీద భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయంలో పద్నాలుగో శ్లోకం చాలా సూటిగా మాట్లాడుతుంది. "కర్మణ్యేవాధికారస్తే" తలుచుకున్నంతగా దీన్ని మనం తలుచుకోం.

అధిష్ఠానం తథా కర్తా కరణం చ పృథగ్విధమ్ |
వివిధాశ్చ పృథక్చేష్టా దైవం చైవాత్ర పంచమమ్ ||

ఏ పని జరగాలన్నా ఐదు కారణాలు కలవాలి అంటున్నాడు కృష్ణుడు. పనికి ఆధారమైన శరీరం, చేసే కర్త, రకరకాల ఇంద్రియాలు, వాటి వేరువేరు కదలికలు, ఐదోది దైవం. ఈ ఐదోదాన్ని శంకరులు కంటికి వెలుగిచ్చే సూర్యుడి వంటి దేవతలుగా చెప్పారు. రామానుజులు లోపల ఉండి నడిపించే అంతర్యామిగా చెప్పి, పని నెరవేరడానికి ప్రధాన కారణం ఆయనే అన్నారు. భాష్యాలు ఎలా ఉన్నా, దైవం కూడా పనిలో ఒక భాగమేనని శ్లోకం చెబుతోంది. పనికి బయట ఎక్కడో కూర్చుని చివర్లో మార్కులు వేసే శక్తిగా కాదు, చేసే చేతి పక్కనే దాన్ని లెక్కపెట్టింది.

ఒక పరీక్ష హాలు ఊహించుకోండి. ఇద్దరు స్నేహితులు కలిసి చదివారు, ఒకే పుస్తకాలు, ఒకే గది. రాత్రి పడుకునే ముందు ఒకడు ఎందుకో ఒక పాఠం మళ్లీ తిరగేశాడు, రెండోవాడికి నిద్ర ముంచుకొచ్చింది. పొద్దున పేపర్లో పెద్ద ప్రశ్న ఆ పాఠంలోంచే వచ్చింది. మొదటివాడు పాసయ్యాడు. అది వాడి కష్టమా? కష్టమే, చదవకపోతే ఎలా రాస్తాడు. అదృష్టమా? అదీ నిజమే, ఆ ప్రశ్న ఇమ్మని వాడు ఎవరికీ చెప్పలేదు. అసలు ఆ రోజు జ్వరం రాకపోవడం, చిన్నప్పుడు అక్షరాలు దిద్దించిన మనిషి ఓపిక, కూర్చుని చదువుకోగలిగిన ఇల్లు, వీటిలో ఏ ఒక్కటీ వాడు సంపాదించుకున్నది కాదు. అయినా పెన్ను పట్టుకున్నది మాత్రం వాడే. ఎవరి వాటా ఎంతో చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. శ్లోకం కూడా ఐదు కారణాలనీ చెప్పింది గానీ, దేనికి ఎంత భాగమో చెప్పలేదు.

రెండు శ్లోకాల తర్వాత మాత్రం కృష్ణుడి మాట చాలా కఠినంగా ఉంటుంది. ఇన్ని కారణాలుండగా "కేవలం నేనే చేశాను" అనుకునేవాడు సరిగ్గా చూడటం లేదు, వాడు దుర్మతి అంటాడు. గెలిచిన రోజు చదువుకోవాల్సిన శ్లోకం ఇది. మనం మాత్రం దైవం పేరు ఓడిన రోజున ఎత్తుతాం. గెలిచిన రోజున దేవుడి దయ అని పైకి అన్నా, లోపల లెక్క వేరే ఉంటుంది.

దైవం అనే మాటను ఎక్కడ వాడాలో రామాయణం చూపించినంత వివరంగా మరెక్కడా కనిపించదు నాకు. అయోధ్యకాండలో పట్టాభిషేకం ఆగిపోయి వనవాసం ఖాయమైనప్పుడు లక్ష్మణుడు కోపంతో ఊగిపోతుంటాడు. రాముడు అతన్ని శాంతింపజేస్తూ, ఇది దైవం పని అంటాడు. ఎందుకంటున్నాడో గమనించాలి. నిన్నటిదాకా నన్నూ భరతుణ్ణీ వేరుగా చూడని తల్లి, అంత మంచి స్వభావం ఉన్న రాజపుత్రి, భర్త ఎదుట మామూలు మనిషిలా ఇలాంటి మాటలు ఎలా అనగలదు, దైవం కాకపోతే, అంటాడు. అంటే కైకేయి మీద ద్వేషం పుట్టకుండా ఉండటానికి ఆయన దైవాన్ని తలుచుకున్నాడు. తాను చేయాల్సిన పని తప్పించుకోవడానికి ఆ మాట వాడలేదు. అలా అని ఊరుకోకుండా నారచీర కట్టి బయల్దేరాడు.

లక్ష్మణుడికి ఆ సమాధానం రుచించలేదు. "విక్లవో వీర్యహీనో యః స దైవమనువర్తతే" అన్నాడు. బెదిరిపోయినవాడు, చేవలేనివాడు దైవం వెంట పడతాడు, వీరులు దాన్ని పట్టించుకోరు అని. నా పౌరుషం ముందు దైవం ఓడిపోవడం ఈ రోజు జనం చూస్తారు అని కూడా అన్నాడు. ఆ కోపంలో అన్నమీద ప్రేమే ఉంది.

అదే లక్ష్మణుడు అరణ్యకాండలో ఏమన్నాడో చూడండి. సీతమ్మ కనిపించక రాముడు లోకాలనే నాశనం చేస్తానన్నంత దుఃఖంలో ఉన్నాడు. అప్పుడు లక్ష్మణుడు దగ్గర కూర్చుని, కష్టాలు ఎవరికి రాలేదు అన్నయ్యా, దేవతలు కూడా దైవాన్ని తప్పించుకోలేరు అని ఓదారుస్తాడు. దైవాన్ని ఓడిస్తానన్న మనిషే ఈ మాట అన్నాడు. కొన్నాళ్లకు పంపాసరస్సు దగ్గర రాముడు మళ్లీ కుంగిపోతే, "ఉత్సాహో బలవానార్య, నాస్త్యుత్సాహాత్పరం బలమ్" అని లేపి నిలబెట్టాడు. ఉత్సాహాన్ని మించిన బలం లేదు అని. లక్ష్మణుడు మాట మార్చాడని నేననుకోను. గుండె పగిలినవాడి దగ్గర కృషి గురించి ఉపన్యాసం ఇవ్వకూడదు, లేచి వెతకాల్సినవాడి దగ్గర తలరాత గురించి మాట్లాడకూడదు. ఆయనకు ఆ సమయజ్ఞానం ఉంది. ఆ తర్వాత జరిగిందంతా పనే. సుగ్రీవుడితో స్నేహం, నాలుగు దిక్కులా గాలింపు, సముద్రం మీద సేతువు.

యాజ్ఞవల్క్య స్మృతి అనే ధర్మశాస్త్రంలో ఒక ప్రసిద్ధమైన ఉపమానం ఉంది. ఒక్క చక్రంతో రథం నడవదు, అలాగే పురుషకారం, అంటే మనిషి ప్రయత్నం, లేకుండా దైవం ఫలించదు అని. ఆ సందర్భంలోనే ఇంకో మాట కూడా చెప్పారు. దైవం అంటే వెనకటి జన్మలో మనం చేసిన ప్రయత్నమే ఇప్పుడు బయటపడటం అని. అదృష్టం కూడా ఒకనాటి కష్టమే అన్నమాట. వినడానికి ఎంతో ధైర్యాన్నిచ్చే మాట ఇది. అయితే దీన్ని ఎదుటివాడి మీద ప్రయోగించడం చూస్తే నాకు చాలా బాధ కలుగుతుంది. బిడ్డ జబ్బుతో అల్లాడే తల్లి దగ్గరకు వెళ్లి "ఏ జన్మలో ఏ పాపం చేశారో" అనే హక్కు ఆ స్మృతి ఎవరికీ ఇవ్వలేదు. మన బరువు మనం మోసుకోవడానికి చెప్పిన మాటను పక్కవాడి తలమీద పెట్టకూడదు.

మరి ఒళ్లు దాచుకోకుండా చేసి, ఏమీ దక్కనివాడి సంగతేమిటి? ఇదే ప్రశ్న అర్జునుడు గీత ఆరో అధ్యాయంలో అడిగాడు. శ్రద్ధతో మొదలుపెట్టి మధ్యలో జారిపోయినవాడు, చెదిరిన మబ్బులా ఇటూ అటూ కాకుండా పోతాడా కృష్ణా అని. అతను అడిగింది యోగసాధన గురించే. కానీ ఏళ్ల తరబడి శ్రమపడి ఫలితం చూడని ప్రతివాడి గొంతూ అందులో వినిపిస్తుంది. కృష్ణుడు ఇక్కడ అర్జునుణ్ణి "తాత" అని పిలిచాడు, సంస్కృతంలో ఆ మాటకు "నాయనా" అని అర్థం, బిడ్డను పిలిచినట్టు. మంచి పని చేసినవాడు ఎవడూ దుర్గతి పాలవడు నాయనా అన్నాడు. అంతటితో ఆపలేదు. వెనకటి దేహంలో సంపాదించిన బుద్ధి మళ్లీ వాడికి దొరుకుతుంది, "యతతే చ తతో భూయః", అక్కణ్ణుంచి వాడు మరింత గట్టిగా ప్రయత్నిస్తాడు అన్నాడు. గెలుపు దక్కనివాడికి కృష్ణుడు మాట ఇచ్చింది ఆ ప్రయత్నం గురించే, అది ఎక్కడికీ పోదని.