పక్కింటాయనా, అరకిలో ఆత్మలూ

ఆదివారం. అమెరికాలో యూటా రాష్ట్రంలోని మా లీహైలో ఆదివారం మధ్యాహ్నం దాకా వీధి వీధంతా చర్చి బట్టల్లోనే తిరుగుతుంది. లాండ్రీ అయ్యి, వారానికి సరిపడా పప్పు, చారు ఫ్రిజ్‌లో పెట్టేసరికి మూడైంది. అప్పుడే పక్కింటి పెద్దాయన అరటిపండు బ్రెడ్ పట్టుకుని వచ్చారు. హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. పుట్టుకతో మార్మన్, అంటే అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖ మనిషి. ఆ పేరు వాడొద్దు, చర్చి పూర్తి పేరే చెప్పండి అని 2018లో వాళ్ల అధ్యక్షుడు కోరాడు కానీ, పూర్తి పేరు రాస్తే సగం పేజీ దానికే పోతుంది. కాఫీ, టీలు ముట్టరు కాబట్టి మజ్జిగ ఇచ్చాను.

మాట ఎప్పటిలాగే విశ్వం మీదికి పోయింది. వాళ్ల నమ్మకంలో నన్ను లాగేది ఒకటుంది. దేవుడు శూన్యంలోంచి ఏదీ పుట్టించలేదంటారు. 1844 ఏప్రిల్‌లో, తాను హత్యకు గురయ్యే ముందు, ఇల్లినాయ్‌లోని నావూలో వాళ్ల చర్చి స్థాపకుడు జోసెఫ్ స్మిత్ చెప్పింది అదే: సృష్టి అంటే ఉన్న పదార్థాన్ని ఒక క్రమంలో పెట్టడం, పదార్థానికి ఆది లేదు, అంతం లేదు. అంతకు ముందేడు ఇంకో అడుగు వేశాడు: ఆత్మ కూడా పదార్థమే, మరీ సూక్ష్మం కాబట్టి మన కళ్లకు ఆనదు. ఇక లెక్కలేనన్ని లోకాలంటారా, అఖిలాండకోటి బ్రహ్మాండనాయకుణ్ణి రోజూ తలుచుకునే ఇంట్లో పుట్టినవాణ్ణి, నాకది కొత్త కాదు. దేవుడి సన్నిధికి దగ్గరగా ఉండే కోలోబ్ అనే నక్షత్రం మీద ఒక రోజంటే మనకు 1000 ఏళ్లట. బ్రహ్మకు ఒక పగలే 432 కోట్ల ఏళ్లు. కోలోబ్ కాస్త చిన్నదనిపించింది, పైకి అనలేదు.

విశ్వానికి ఒక మొదలుందనే బిగ్ బ్యాంగ్ దగ్గర వాళ్లకి చిక్కే. 1951లో పోప్ పన్నెండో పయస్ దాన్ని సృష్టికి సాక్ష్యమన్నట్టే స్వాగతించాడు. ఆది లేదనేవాళ్లు అలా సంబరపడలేరు కదా. పెద్దాయన మాత్రం 1380 కోట్ల ఏళ్ల కిందటిది మన విశ్వం మొదలే తప్ప అన్నిటికీ మొదలు కాదంటారు. ఇన్‌ఫ్లేషన్ (విశ్వం తొలి క్షణంలో మహా వేగంగా ఉబ్బడం) ఆగకుండా సాగుతూ కొత్త విశ్వాల్ని పుట్టిస్తుందన్న భౌతికశాస్త్రవేత్త ఆండ్రే లిండే ఆలోచన అందుకే ఆయనకి ప్రాణం. అది ఇంకా రుజువు కాలేదని నేనంటే, కాదని కూడా తేలలేదుగా అంటారు.

తర్వాత డార్క్ మ్యాటర్ బయటికి తీశారు. విశ్వంలోని పదార్థంలో దాదాపు 85 శాతం కనపడదు కాబట్టి ఆత్మ పదార్థం అదేనేమో అని. నాకు చిరాకొచ్చేది ఇక్కడే. వేదాల్లో విమానాలున్నాయని ఫ్యామిలీ గ్రూపులో వచ్చే ఫార్వర్డ్‌కీ దీనికీ తేడా ఏముంది? కవరు వెనకాల లెక్క వేసి చూపించాను. మన చుట్టుపక్కల డార్క్ మ్యాటర్ సాంద్రత ఘన సెంటీమీటరుకి సుమారు 0.3 గిగా ఎలక్ట్రాన్ వోల్టులని (కణాల బరువుకి ఫిజిక్స్‌లో వాడే కొలత) అంచనా. భూమి ఘనపరిమాణంతో హెచ్చవేస్తే వచ్చేది అరకిలో పైన చిల్లర. 800 కోట్ల మందీ అందులోనే సర్దుకోవాలి. పైగా అది దేనికీ అంటుకోకుండా గోడల్లోంచీ మనుషుల్లోంచీ దూసుకుపోతుంది, ఒక ఒంట్లో కుదురుగా ఉండేది కాదు.

ఆయన లెక్క రెండుసార్లు సరిచూశారు, తప్పు దొరకలేదు. "ఆత్మ ఎంత బరువుండాలో నీకెవరు చెప్పారు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

అసలు దెబ్బ తగిలితే ప్రోటాన్ దగ్గర తగలాలి. మూలకాలు శాశ్వతమని వాళ్ల గ్రంథంలో 1833 నాటి వాక్యం ఉంది. ఆ మూలకాలన్నిటి పరమాణువుల్లోనూ ఉండే ప్రోటాన్ ఎప్పటికైనా విచ్ఛిన్నమవుతుందని 1974 నుంచి కొన్ని సిద్ధాంతాలు చెబుతున్నాయి. జపాన్‌లో సూపర్ కమియోకాండే అనే డిటెక్టర్ 50,000 టన్నుల నీళ్లు పెట్టుకుని ఏళ్లుగా కాపు కాస్తోంది, ఒక్కటీ చిక్కలేదు. మా ఇంట్లో అంతా మాయ అంటే చాలు, ఏ డిటెక్టరూ మమ్మల్నేం చేయలేదు. ఈయన నమ్మకానికి ఆ సుఖం లేదు. అందుకే ఈయనతో వాదన నాకిష్టం.

ఒక్క ప్రోటాన్ విరిగినట్టు కనపడితే ఏం చేస్తారని అడిగాను.

"ముందు కనపడనీ," అని గ్లాసు చాపారు.