బోధ్‌గయలో కళ్లు మూసుకుంటే

మహాబోధి ఆలయంలోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. బయటే అప్పజెప్పి లోపలికి వెళ్తే, సుమారు 50 మీటర్ల గోపురం వెనక రాతి కంచె, అందులో బోధివృక్షం. ఆకు రాలితే చాలు, ఏరుకోవడానికి జనం ఎగబడతారు. ఇప్పుడున్నది బుద్ధుడి నాటి చెట్టు కాదు, 19వ శతాబ్దంలో మళ్లీ నాటింది. ఆ సంగతి అక్కడ ఎవరికీ పట్టదు, నాకూ పట్టలేదు.

నేను వెళ్లింది ఊళ్లోనే జరిగిన మౌన ధ్యాన శిబిరానికి. ఆనాపానసతి అంటే ముక్కు దగ్గర శ్వాస తగిలేచోట మనసు నిలపడం. మొదట్లో మోకాళ్ల నొప్పులు, కునికిపాట్లు తప్ప ఏమీ లేవు. ఒక తెల్లవారుజామున మాత్రం అరచేతులు ఉబ్బిపోతున్నట్టు అనిపించింది. ఒళ్లు కుడివైపుకు ఒరిగిపోతోందని కంగారుపడి కళ్లు తెరిస్తే నిటారుగానే కూర్చుని ఉన్నాను. మళ్లీ మూస్తే కనుబొమల మధ్య పొగలాంటి తెల్లటి వెలుగు, అంచున నీలం. తర్వాత ముఖాలు. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు, ఒకరి వెనక ఒకరు, నావైపు చూడకుండా పోతున్నారు. టెన్షన్‌తో గుండె దడదడలాడింది. లోలోపల కాస్త గర్వంగానూ ఉంది.

గురువుగారికి చెబితే ఒక్కటే అడిగారు: "అప్పుడు శ్వాస తెలుస్తోందా?"

తెలియలేదన్నాను. ఆయన నవ్వారు. ఇవన్నీ పాతవేనట. 5వ శతాబ్దంలోనే బౌద్ధ పండితుడు బుద్ధఘోషుడు విశుద్ధిమార్గమనే ధ్యాన గ్రంథంలో రాశాడు: శ్వాస మీద మనసు నిలిచినప్పుడు ఒకరికి నక్షత్రంలా, ఒకరికి ముత్యాల గుత్తిలా, ఇంకొకరికి పొగలా నిమిత్తం, అంటే ఏకాగ్రత కుదిరిందనడానికి గుర్తు, కనిపిస్తుందని. ఒళ్లు గగుర్పొడవడం, అలలు కొట్టినట్టుండటం, తేలిపోతున్నట్టుండటం ప్రీతిలో, అంటే ధ్యానంలో కలిగే ఆనందంలో, రకాలని. అయితే కనిపించిన ప్రతిదీ నిమిత్తం కాదు. ముఖాలు, దృశ్యాలు వస్తే "కనిపిస్తోంది" అనుకుని శ్వాస దగ్గరికి వచ్చేయమన్నారు. తరమొద్దు, వెంటా పడొద్దు. మరీ ఎక్కువైతే కళ్లు తెరిచి అరచెయ్యి నేలకి ఆనించమన్నారు, లేదా లేచి నడవమన్నారు. నిద్ర పట్టకపోయినా, లేచాక కూడా భయం వదలకపోయినా, మాటలు వినిపిస్తున్నా ధ్యానం ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందేనని గట్టిగా చెప్పారు. ఇంకా కూర్చుంటే అదే తగ్గుతుందనేవాళ్ల మాట వినకండి.

శిబిరం అయ్యాక మళ్లీ గుడికి వెళ్లాను. గర్భగుడిలో బంగారు పూత విగ్రహం కుడిచేతి వేళ్లు నేలను తాకుతుంటాయి. ధ్యానం చెడగొట్టడానికి వచ్చిన మారుడు సేనలతో భయపెట్టినప్పుడు బుద్ధుడు భూమిని సాక్ష్యం పిలిచిన భంగిమ అది. ఇన్నాళ్లూ దాన్ని విజయచిహ్నంగానే చూశాను. ఈసారి చాలా మామూలు పనిలా, ఎవరైనా చేయదగ్గదిలా కనిపించింది.

ముఖాలు మళ్లీ రాలేదు. వెలుగు కోసమే మనసు వెతుక్కునేది. అది చెబితే గురువుగారు, "అయితే 'వెతుకుతోంది' అని గమనించు" అన్నారు. ఆ వెతుకులాట గయ స్టేషన్లో రైలెక్కేదాకా సాగింది.