41వ పిక్, మా వాడి ధీమా

పన్నెండు దాటింది. నిద్ర రావట్లేదు. కారణం మా మేనల్లుడే, ఇంకెవరు. వాడి సంగతి మీకు కొత్తగా చెప్పేదేముంది. భోజనాల దగ్గర కూడా ఫోన్లో ఆ జనరల్ మేనేజర్ ఆటే, అంటే అమెరికా బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏలో ఒక జట్టుని నడిపే ఆట. "రెండో రౌండ్లో నలుగురు యూరప్ కుర్రాళ్ళని తీసి అక్కడే వదిలేశాను మావయ్యా, పైసా ఖర్చు లేదు. మూడేళ్ళలో ఒక్కడైనా యోకిచ్ అవుతాడు" అన్నాడు. యోకిచ్ అంటే యూరప్ నుంచి వచ్చి డెన్వర్‌లో పెద్ద స్టార్ అయినవాడు. మా ఆవిడ చారు గిన్నె నా వైపు జరిపింది, అంటే నోరు మూసుకుని తినమని. అక్కడ మూసుకున్నాను. ఇక్కడ తెరుస్తున్నాను.

పైసా ఖర్చు లేదట! డ్రాఫ్ట్ అంటే జట్లు ఏటా వంతులవారీగా, రెండు రౌండ్లలో కొత్త కుర్రాళ్ళని ఎంచుకోవడం, ఒక్కో వంతూ ఒక పిక్. అలా డ్రాఫ్ట్ చేస్తే చేతికొచ్చేది ఆటగాడు కాదు, ఎన్‌బీఏలో అతనితో బేరమాడే హక్కు. తాంబూలాలు పుచ్చుకున్నంత మాత్రాన పెళ్ళయిపోదు కదా. 2005లో ఓర్లాండో 11వ పిక్ పెట్టి స్పెయిన్ సెంటర్ (రింగ్ దగ్గర ఆడే పొడుగు మనిషి) ఫ్రాన్ వాస్కెజ్‌ని తీసింది. ఆయన స్పెయిన్‌లోనే ఉండిపోయాడు, ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ ఆడలేదు. 1999లో న్యూయార్క్ నిక్స్ 15వ పిక్‌తో తీసిన ఫ్రెడరిక్ వైస్‌దీ అదే కథ. 11, 15 అంటే చిన్న పిక్కులా? ఆ స్థానంలో ఇంకొకడు వచ్చి పదేళ్ళు ఆడేవాడు.

ఇక కాగితాల సంగతి. మొదటి రౌండ్లో తీసిన కుర్రాడు సంతకం చేయకపోయినా, అతని స్కేలు జీతంలో (పిక్ నంబరుని బట్టి లీగు ముందే కట్టిన జీతం) 120 శాతం జట్టు క్యాప్ మీద, అంటే జీతాల మొత్తానికి లీగు పెట్టిన పరిమితి మీద, కూర్చుంటుంది. అది తీసేయాలంటే ఈ సీజన్‌కి రావట్లేదని జట్టూ కుర్రాడూ ఇద్దరూ లీగుకి రాసివ్వాలి. రాసిచ్చాక డిసెంబరులో మీ సెంటర్ మోకాలు పోయినా అతన్ని పిలవడానికి లేదు. రెండో రౌండ్ వాళ్ళకి ఈ భారం లేదు, నిజమే. కానీ హక్కు నిలబెట్టుకోవాలంటే గడువులోగా ఏడాది కనీస జీతం ఆఫర్ పంపాలి. పంపకపోతే హక్కు పోతుంది. పంపితే ఆ కుర్రాడు సంతకం పెట్టి విమానం ఎక్కేయొచ్చు, అప్పుడు జట్టులోని 15 సీట్లలో ఒకటి వాడిది. మా వాడి ఆటలో ఈ కాగితమే లేదు.

అసలు ఖర్చు బైఅవుట్‌లో ఉంది. యూరప్ క్లబ్బుతో కాంట్రాక్టు మధ్యలో తెంచుకోవాలంటే ఆ క్లబ్బుకి డబ్బు కట్టాలి. కట్టకపోతే అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సంఘం ఫిబా దగ్గర క్లియరెన్స్ లెటర్ రాదు, లెటర్ లేకుండా ఎన్‌బీఏలో ఆడటం కుదరదు. ఎన్‌బీఏ జట్టు క్యాప్ లెక్కలోకి రాకుండా కట్టగలిగింది కొంతవరకే. ఆ పైది ఆటగాడే తన జీతంలోంచి కట్టుకోవాలి. ఇక్కడికొచ్చేసరికి లూయిస్ స్కోలా గుర్తొస్తాడు. ఆయన గుర్తొస్తే నాకు ఇప్పటికీ సాన్ ఆంటోనియో స్పర్స్ జట్టు మీద మండుతుంది.

2002 రెండో రౌండ్లో సాన్ ఆంటోనియో తీసింది స్కోలాని. అర్జెంటీనా పవర్ ఫార్వర్డ్, ఆడేది స్పెయిన్‌లో వితోరియా ఊరి క్లబ్బు తావు సెరామికాకి. అంతకు ముందు 1999లో 57వ పిక్‌గా తీసిన జినోబిలి అదే 2002లో వచ్చి చేరాడు, ఏడాది తిరక్కుండా టైటిల్ గెలిచారు. ఇక స్కోలా కూడా అలాగే వస్తాడని అందరి లెక్క. 2004 ఏథెన్స్‌లో జినోబిలి, స్కోలా కలిసి అమెరికాని సెమీస్‌లో ఓడించి ఒలింపిక్ స్వర్ణం కొట్టారు. పోస్ట్‌లో (రింగ్ దగ్గర) స్కోలా కాళ్ళ పని చూస్తే స్పర్స్ స్టార్ డంకన్ పక్కన నిలబెట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ తావు అడిగిన బైఅవుట్ కొండంత, ఆ రోజుల్లో జట్టు కట్టగలిగింది 5 లక్షల డాలర్లకి అటూ ఇటూ. రెండో రౌండ్ కుర్రాడి జీతంలోంచి మిగతాది కట్టుకోమంటే వాడు ఉత్తపుణ్యానికి ఆడాలి. వేసవి వెనక వేసవి, ఐదేళ్ళు అలా గడిచాయి. 2007లో స్కోలా రావడానికి సిద్ధమయ్యే సమయానికి స్పర్స్ ఏం చేసింది? అతని హక్కుల్ని, జాకీ బట్లర్‌ని కలిపి పక్కింటి హ్యూస్టన్‌కి ఇచ్చేసింది. బదులుగా వచ్చింది వసిలిస్ స్పనూలిస్, ఒక రెండో రౌండ్ పిక్, కొంత నగదు. స్పనూలిస్ సాన్ ఆంటోనియో చొక్కా వేసుకోనేలేదు, గ్రీసుకి వెళ్ళిపోయి యూరప్ క్లబ్బుల పెద్ద పోటీ యూరోలీగ్‌లో టైటిళ్ళు గెలుచుకున్నాడు. స్కోలా మొదటి ఏడాదే ఆల్ రూకీ మొదటి జట్టులో (ఆ ఏటి కొత్తవాళ్ళలో మేటి ఐదుగురు), హ్యూస్టన్ వరసగా 22 మ్యాచ్‌లు గెలిచిన సీజన్‌లో. సొంత రాష్ట్రంలో ప్రత్యర్థికి, అదీ చేతులారా!

సరే, ఇంత రాశాక ఒకటి తడుతోంది. స్పర్స్ ఆ ట్రేడ్‌కి కొద్ది వారాల ముందే 28వ పిక్‌తో టియాగో స్ప్లిటర్‌ని తీసింది. అదే తావు సెరామికా, అదే బైఅవుట్ తలనొప్పి. ఈసారి తొందరపడలేదు. మొదటి రౌండ్ వాడు మూడు సీజన్లు బయటే ఉంటే రూకీ స్కేలుకి కట్టుబడక్కర్లేదు, అందుకని 2010 దాకా ఆగి, స్కేలు కంటే ఎక్కువ ఇచ్చి తెచ్చుకుంది. 2014 టైటిల్ జట్టులో అతనున్నాడు. అంటే ఒకే క్లబ్బు, ఒకే జట్టు, ఒకచోట పోయింది ఇంకోచోట దొరికింది. జీతాలు మరీ ఎక్కువైతే లీగు వేసే లగ్జరీ టాక్స్ గీత దాటకూడదని కూర్చున్న జట్టు 2007లో చేసింది అంత తెలివితక్కువ పనేం కాదేమో.

బొగ్దాన్ బొగ్దనోవిచ్ కూడా అంతే. 2014లో ఫీనిక్స్ 27వ పిక్, 2016లో హక్కులు సాక్రమెంటోకి, 2017లో ఇస్తాంబుల్ క్లబ్బు ఫెనర్‌బాచె తరఫున యూరోలీగ్ గెలిచి వచ్చాడు, మూడేళ్ళకి 2.7 కోట్ల డాలర్లు. 27వ పిక్ స్కేలు దాని పక్కన చిల్లర. ఆగినందుకు కట్టిన ధర అది. అయినా పాతికేళ్ళకి తయారైపోయిన షూటర్ దొరికాడు, వాడి తప్పులన్నీ ఇస్తాంబుల్‌లో జరిగిపోయాయి. ఇది నష్టమని ఎలా అంటాం?

కాబట్టి మా వాడు సగం రైటే. యోకిచ్ 2014లో 41వ పిక్. డెన్వర్ అతన్ని ఒక ఏడాది బెల్‌గ్రేడ్‌లో మెగా దగ్గరే ఉంచింది, ఆ ఏడాది అడ్రియాటిక్ లీగ్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు), 2015లో వచ్చాడు. సంతోషం. కానీ మెగా ఎలాంటి క్లబ్బు? కుర్రాళ్ళకి నిమిషాలిచ్చి లోకానికి చూపించడమే దాని పని, వెనకున్నది ఏజెంటు మిష్కో రజ్నతోవిచ్. అదే కుర్రాడు యూరోలీగ్ పెద్ద క్లబ్బు బెంచీ మీదుంటే మ్యాచ్‌కి ఆరు నిమిషాలు ఆడి, తువ్వాలు ఊపుతూ ఏడాది గడిపేస్తాడు. "అక్కడే వదిలేశాను" అంటాడు వీడు. ఎక్కడ వదిలేశావురా?

యూరప్ ఆట అంకెలు చదవడమూ తెలియాలి. యూరప్‌లో మ్యాచ్ 40 నిమిషాలు, ఎన్‌బీఏలో 48, కాబట్టి మ్యాచ్ సగటు వదిలేసి నిమిషానికి లెక్కకట్టాలి. త్రీ పాయింట్ గీత అక్కడ 6.75 మీటర్లు, ఎన్‌బీఏలో 7.24. మూలల్లో మాత్రం 6.6కీ 6.7కీ తేడా లేనట్టే. అందుకని మూల నుంచి బాగా వేసేవాడు ముందు పనికొస్తాడు, పైనుంచి వేసేవాడికి ఆ అరమీటరు అలవాటవ్వాలి. వేసిన త్రీలు వంద కూడా లేకపోతే ఆ శాతాన్ని పక్కనపెట్టి ఫ్రీ త్రోలు చూడాలి, చేయి ఎలాంటిదో అక్కడ తెలుస్తుంది. ఫిబా ఆటలో డిఫెన్సివ్ త్రీ సెకండ్స్ (ఎవరినీ కాయకుండా రింగ్ కింద మూడు సెకన్లకి మించి నిలబడకూడదనే నియమం) లేదు, పొడుగు సెంటర్ రింగ్ కిందే పాతుకుపోవచ్చు. అక్కడ దండిగా బ్లాకులున్నవాడు ఎన్‌బీఏలో బయటికి కదలాల్సి వచ్చేసరికి సగమైపోతాడు. ఆ ఇరుకులోనే రింగు దాకా చొరబడగలిగిన గార్డుకి మాత్రం ఇటు దారి విశాలం. మా వాడు వీటిలో ఏదీ చూడడు, ఎత్తు చూస్తాడు. ఎత్తే చాలితే 2015లో డాలస్ 52వ పిక్‌తో తీసిన మన పంజాబ్ సత్నామ్ సింగ్, 7 అడుగుల 2 అంగుళాల మనిషి, డెవలప్‌మెంట్ లీగులో ఆగిపోయేవాడు కాదు.

పైగా వదిలేయడానికి ఇప్పుడు కుర్రాళ్ళేరీ? అమెరికా కాలేజీలు డబ్బిస్తున్నాయి. పద్దెనిమిదేళ్ళ వాడు బెంచీ మీద కూర్చోవడం ఎందుకని అటే పోతున్నాడు. అక్కడి నుంచి వస్తే బైఅవుట్ కూడా లేదు. జట్ల అవసరమూ తగ్గింది. లీగుకీ ఆటగాళ్ళ సంఘానికీ కుదిరిన 2023 ఒప్పందంతో టూ-వే సీట్లు (పెద్ద జట్టుకీ దాని డెవలప్‌మెంట్ జట్టుకీ మధ్య తిరిగేవాళ్ళవి) రెండు నుంచి మూడయ్యాయి, రెండో రౌండ్ వాళ్ళకి క్యాప్‌లో చోటు లేకపోయినా మూడు నాలుగేళ్ళ కాంట్రాక్టు ఇవ్వడానికి ప్రత్యేక మినహాయింపు వచ్చింది. కళ్ళ ముందే పెంచుకోవచ్చు, టూ-వే అయితే 50 మ్యాచ్‌ల హద్దు.

అలా కుర్రాళ్ళని పోగేయడానికీ ఒక హద్దుండాలి. 2025లో బ్రూక్లిన్ మొదటి రౌండ్లోనే ఐదుగురిని తీసింది, ఏ జట్టూ అంతకుముందు చేయని పని. 8లో రష్యా నుంచి రియల్ మాడ్రిడ్, బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీల మీదుగా వచ్చిన యెగోర్ డ్యోమిన్, 19లో ఫ్రాన్స్ నోలన్ ట్రవోరే, 22లో డ్రేక్ పావెల్, 26లో జర్మనీ ఉల్మ్ క్లబ్బులో ఆడిన ఇజ్రాయెల్ కుర్రాడు బెన్ సరాఫ్, 27లో డానీ వుల్ఫ్. 15 సీట్లలో ఐదు, ఒక్కొక్కరికీ రెండేళ్ళ జీతం ఖాయం. అందులో ముగ్గురు బంతి చేతిలో లేకపోతే ఆడలేని గార్డులు, వుల్ఫ్ సెంటర్ సైజున్నా బంతి తనే తెచ్చుకునే రకం. సరాఫ్‌ని ఇంకో ఏడాది ఉల్మ్‌లోనే ఉంచొచ్చుగా అంటారా? ఏజెంటు ఎందుకు ఒప్పుకుంటాడు! నాలుగేళ్ళ రూకీ కాంట్రాక్టు సంతకం పెట్టిన రోజు నుంచే నడుస్తుంది, అసలు డబ్బు దాని తర్వాతి కాంట్రాక్టులో ఉంటుంది. యూరప్‌లో గడిపిన ప్రతి ఏడాదీ ఆ డబ్బుని ఒక ఏడాది వెనక్కి నెడుతుంది. ముగ్గురిలో ఒకరిని రెండేళ్ళలో ట్రేడ్ చేయక తప్పదు. నా మటుకు నేను సరాఫ్‌నే పంపిస్తాను, ముగ్గురిలో అడుగు నెమ్మది వాడిదే.