తోడుకున్న పాలు, విరిగిన పాలు

పోయిన ఆదివారం ఇంట్లో తోడు అయిపోయింది. గిన్నె అడుగు దాకా ఊడ్చుకుని తిన్నది నేనే కాబట్టి ఎవరినీ అనడానికి లేదు. ఏదో ఒకటి చేద్దామని పాలలో నిమ్మకాయ పిండాను. క్షణాల్లో గడ్డలు కట్టాయి. చూడటానికి పెరుగులాగే ఉంది కానీ పెరుగు కాదు, పాలు విరిగాయంతే. అందులోంచి ఒక చెంచా తీసి వేరే పాలలో వేసి మధ్యాహ్నం దాకా చూశాను. పాలు పాలలాగే ఉన్నాయి.

అప్పుడు వైకింగ్ గుర్తొచ్చింది. 1976లో అంగారకుడి మీద దిగిన ఆ నౌకల్లో గిల్బర్ట్ లెవిన్ రూపొందించిన ప్రయోగం ఒకటి ఉంది. చిటికెడు మట్టి మీద పోషక ద్రవం చుక్కలు వేసి, అందులో సూక్ష్మజీవులుంటే అది తిని వదిలే వాయువు వస్తుందేమో చూడటం. ఆ ద్రవంలో లాక్టేట్ కూడా ఉంది. మన పెరుగుకు పులుపునిచ్చే ఆమ్లానిదే ఆ లవణం! అక్కడి జీవులు మనకు అద్దంలో ప్రతిబింబంలా ఉంటే ఎలా అని, దాని ఎడమచేతి రూపాన్నీ కుడిచేతి రూపాన్నీ రెండింటినీ కలిపారు. ఎంత ముందుచూపు!

వాయువు వచ్చింది. మట్టిని 160 డిగ్రీల దాకా కాల్చి చూస్తే రాలేదు. అక్కడున్నది ప్రాణమేననిపించే ఫలితం అది. కానీ రెండోసారి చుక్కలు వేస్తే కొత్తగా ఏమీ రాలేదు. సూక్ష్మజీవులైతే పెరిగి, ఇంకా ఎక్కువ వదలాలి కదా. అది రసాయన చర్యేనని చాలామంది తేల్చారు. లెవిన్ మాత్రం 2021లో చనిపోయేదాకా ఒప్పుకోలేదు. నా మట్టుకు నాకు అవి విరిగిన పాలే.

అయితే ఒక సందేహం పీకుతోంది. మనం పోసింది మన సూక్ష్మజీవులు తినే తిండి. శని ఉపగ్రహం టైటాన్ మీద మైనస్ 179 డిగ్రీల చలి, మీథేన్ చెరువులు. 2005లో హైగెన్స్ అనే నౌక దిగినచోట కనిపించిన గులకరాళ్లు నీటి మంచువి. అక్కడ ఏదైనా బతుకుతుంటే, మన గ్లాసుడు మంచినీళ్లు దానికి కరిగిన రాయి. పైగా చలికి రసాయన చర్యలన్నీ నెమ్మదిస్తాయి. చలికాలంలో గిన్నెకు తువ్వాలు చుట్టి బియ్యం డబ్బాలో పెట్టినా మా ఇంట్లో పెరుగు తెల్లారేసరికి తోడుకోదు. ఇక అక్కడ ఒక కణం రెండు కావడానికి ఏళ్లు పడితే? మన యంత్రం కొన్నాళ్లు చూసి, కదలిక లేదని రాసేస్తుంది. ప్రాణముందో లేదో తేల్చడానికి, రేపటి పాలు తోడుకుంటాయా అన్నదే నా పరీక్ష. టైటాన్ మీద ఒక పగలూ రాత్రీ కలిస్తేనే మనకు 16 రోజులు!

నాసా వాళ్ల డ్రాగన్‌ఫ్లై నౌక 2034లో అక్కడికి చేరాలట. చూద్దాం.

ఇక్కడ మాత్రం పచ్చిమిరపకాయ తొడిమలు నన్ను ఆదుకున్నాయి. వాటిని వేసిన మొదటి గిన్నె జిగురుజిగురుగా, పైన నీళ్లు తేలి ఉంది. పారబోయకుండా దానితోనే మళ్లీ తోడు వేశాను. నిన్నటిది నాలుగోది, గట్టిగా వచ్చింది. పొద్దున కింది వాటా పిన్నిగారు చిన్న గిన్నె పట్టుకుని వచ్చారు, కాస్త తోడు ఉందా అంటూ.