సయాటికా, డిజేబిలిటీ పెన్షన్, బోర్డు కాగితంలో ఒక గడి

మా ప్రకాశం జిల్లా నుంచి సైన్యంలోకి వెళ్లి, సర్వీసు పూర్తి చేసుకుని వచ్చినవారిలో నడుము నుంచి పిక్క దాకా లాగే సయాటికా నొప్పిని వెంట తెచ్చుకున్నవారు తక్కువేమీ కాదు. పల్టన్‌లో గుమాస్తాగా పనిచేసిన అలవాటు కొద్దీ వారి కాగితాలు నేను చదివిపెడుతుంటాను. వాటిలో నొప్పి ఉందా లేదా అన్న విషయమై సాధారణంగా పేచీ ఉండదు. అది సైనిక సేవ వల్ల వచ్చిందా, రాలేదా అన్న ఒక్క గడి దగ్గరే డిజేబిలిటీ పెన్షన్ ఆగిపోతుంటుంది.

వెన్ను అడుగు భాగంలో, వైద్యులు ఎల్4-ఎల్5 అనీ ఎల్5-ఎస్1 అనీ రాసే చోట, పూసల మధ్య ఉండే డిస్కు పక్కకు జారి నరం మొదలును నొక్కితే, ఆ బాధ పిరుదు నుంచి తొడ వెనకగా దిగి పాదం దాకా పోతుంది. ఫిరంగి దళంలో పనిచేసి వచ్చిన హవల్దారు ఒకతను, నాకు తమ్ముడి వరస, మా ఇంటికి ఎప్పుడు వచ్చినా బరువంతా ఎడమ తుంటి మీద వేసి, కుడికాలు ముందుకు చాపుకునే కూర్చుంటాడు. దగ్గు వచ్చే సూచన తోస్తే ముందుగానే బల్ల అంచు పట్టుకుంటాడు. "గుండ్లు మోసినన్నాళ్లూ ఓర్చుకున్నానన్నా, ఇప్పుడు నీళ్ల బిందె ఎత్తలేకపోతున్నాను" అంటాడు. వీపున పిట్ఠూ సంచితో కొండలెక్కడం, లారీ వెనక బల్లల మీద గంటల తరబడి కుదుపులు, మంచు ప్రాంతాల్లో కాపలా, ఇవన్నీ ఆ నడుము మీద పడిన బరువే అయినా, ఏ ఒక్కనాటి సంఘటననో చూపించి ఇదే కారణమని చెప్పడం కష్టం. బుల్లెట్ గాయానికి తేదీ ఉంటుంది, అరిగిన డిస్కుకు ఉండదు.

విడుదలకు ముందు జరిగే మెడికల్ బోర్డు ప్రధానంగా రెండు విషయాలు తేలుస్తుంది. ఒకటి, వైకల్యం ఎంత శాతం. రెండోది, అది సేవ వల్ల కలిగిందా, లేక సేవ వల్ల ముదిరిందా. రెండూ కావని బోర్డు రాస్తే దాన్నే మనవాళ్లు "నానా" అంటారు. శరీర తత్వం వల్ల వచ్చిన జబ్బు, సేవతో సంబంధం లేదు అని ఒకే ఒక్క వాక్యం, కారణమేదీ చెప్పకుండా, రాసి ఉన్న కాగితాలు నేను చూశాను. పదిహేనేళ్లకు పైగా మోసిన బరువును కొట్టివేయడానికి అర పంక్తి చాలినందుకు నాకు కోపం వస్తుంది.

శాతం సంగతి ఇంకొక తిరకాసు. పూర్తి సర్వీసు చేసి వచ్చినవారికి పాత నిబంధనల ప్రకారం వైకల్యం కనీసం 20 శాతం ఉండాలి. 100 శాతం వైకల్యానికి చివరి జీతంలో 30 శాతం ఇస్తారు కనుక, ఆ జీతం 60,000 రూపాయలైతే నెలకు 18,000, అందులో 20 శాతమంటే 3,600 వస్తుంది. అయితే 50 కంటే తక్కువ ఉన్నదాన్ని 50గా లెక్కకట్టే వెసులుబాటు ఉంది. బోర్డు ద్వారా మధ్యలో ఇంటికి పంపినవారికే కాక, పదవీకాలం ముగించుకుని వచ్చినవారికీ అది వర్తిస్తుందని 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అప్పుడు 3,600 కాస్తా 9,000 అవుతుంది. అదే 19 దగ్గర ఆగినవాడికి ఒక్క రూపాయి కూడా రాదు. ఉదయం కాలు కింద పెట్టలేని మనిషి మధ్యాహ్నానికి నడవగలిగే ఈ జబ్బులో, 19కీ 20కీ మధ్య తేడాను ఒక్క పూట పరీక్షలో, కాలు చాపి పైకెత్తించి చూసి, ఎవరు మాత్రం ఖచ్చితంగా కొలవగలరు?

నానా అని రాయించుకుని వచ్చినవారికి అండగా నిలిచేది 2013 నాటి ధరమ్‌వీర్ సింగ్ తీర్పు. ఆయన 1985లో సిగ్నల్స్ దళంలో చేరారు, 1994లో మూర్ఛ వ్యాధి కారణంగా ఇంటికి పంపారు. చేరినప్పటి వైద్య పరీక్షలో జబ్బు ఉన్నట్టు రాసి లేకపోతే అప్పటికి మనిషి ఆరోగ్యంగా ఉన్నట్టే భావించాలనీ, సేవతో సంబంధం లేదని నిరూపించే భారం ప్రభుత్వానిదేననీ, బోర్డు తన అభిప్రాయానికి కారణాలు రాయాలనీ సుప్రీంకోర్టు చెప్పింది. మూర్ఛకు చెప్పిన ఈ మాటనే డిస్కు జారినవారు కూడా ఆధారం చేసుకుంటున్నారు.

కానీ తీర్పు ఒక్కటే సరిపోదు, దాని వెనక కాగితం ఉండాలి. నొప్పి మొదటిసారి ఎప్పుడు, ఏ పోస్టింగులో వచ్చిందో చూపే ఆసుపత్రి చీటీ, కిందపడిన సందర్భమేదైనా ఉంటే ఇంజురీ రిపోర్టు, ఆరోగ్యం తగ్గిందని 'లో మెడికల్ కేటగిరీ' అనే తక్కువ వైద్య శ్రేణిలో పెట్టిన ప్రతి బోర్డు నకలు, ఎమ్మారై నివేదిక, ఫీల్డులోనూ ఎత్తయిన ప్రాంతాల్లోనూ గడిపిన కాలపు వివరం చేతిలో ఉండాలి. వీటిలో లేనివాటిని రికార్డ్స్ ఆఫీసు నుంచి సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. ఇంటికి వెళ్లే తొందరలో బోర్డు కాగితం చదవకుండా సంతకం పెట్టేవారే ఎక్కువ. ఇంకా సర్వీసులో ఉన్న తమ్ముళ్లు ఆ రెండో గడిలో ఏం రాశారో చూసి, నకలు చేతికి వచ్చాకే అక్కడి నుంచి కదలాలని నా మనవి.

2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త అర్హతా నియమాలు అమల్లోకి వచ్చాయి కనుక, ఆ తర్వాత విడుదలైనవారు పైన చెప్పిన లెక్కలను తమకు నేరుగా అన్వయించుకోకూడదు. అంతకుముందు వచ్చినవారు అప్పీలు తిరస్కరణకు గురైతే సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. మన ప్రాంతం చెన్నై బెంచి పరిధిలోకి వస్తుంది. ఏళ్లు గడిచిపోయాయి కదా, ఇంకేం వస్తుందని కొందరు అడుగుతారు. 1983లో ఇంటికి వచ్చి 1999లో హైకోర్టుకు వెళ్లిన తర్సేం సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2008లో తీర్పు ఇస్తూ, పింఛను నెలనెలా రావలసినది కనుక ఆలస్యమైనా హక్కు పోదని ఒప్పుకుంది, కాకపోతే బకాయిలను కేసు వేసిన నాటికి ముందు మూడేళ్లకే పరిమితం చేసింది. అంతకు ముందరి ఏళ్ల సొమ్ము ఆయనకు రాలేదు.